పరగడుపు మాత్ర

మావారికి వంటింట్లో చేతనైన పని ఒక్కటే, కాఫీ కలపటం. ఆ ఒక్కటీ మాత్రం ఆయన చేసినట్లు ఇంకొకరు చేయలేరు. రాత్రి పడుకోబోయే ముందు ఫిల్టరులో పొడి వేసి, దాన్ని నొక్కీ నొక్కనట్లు అణిచి, మరిగే నీళ్ళు చుట్టూ తిప్పి పోసి, మూతపెట్టి, ఆ మూతమీద చెయ్యి ఆనించి ఒక్క క్షణం నిలబడతారు. పసిపిల్లను నిద్రపుచ్చిన తల్లి కూడా అంత మెల్లిగా లేచి రాదు. ట్రెజరీలో జన్మంతా పద్దులు చూసి 2019లో రిటైరై ఇంటికి వచ్చిన రోజున ఆయన నాతో, "ఇన్నాళ్ళూ నువ్వు లేచి నాకు కాఫీ ఇచ్చావు. ఇహనుంచీ నేను లేచి నీకిస్తాను" అన్నారు.

ఏ ఇల్లాలికైనా ఇంతకన్న ఏం కావాలి, చెప్పండి? నాకు కళ్ళు చెమర్చాయి. "సరే" అన్నాను. ఆ "సరే" ఖరీదు ఎంతో తెలియటానికి దాదాపు మూడేళ్ళు పట్టింది.

అసలు సంగతి మొదటినుంచీ చెబుతాను. నాకు థైరాయిడ్ అని తేలింది 2014లో. అంతకు ముందు ఏడాదిపాటు మా ఇంట్లో నా జబ్బుకు పెట్టిన పేరు బద్ధకం. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేదాన్ని. పరీక్ష పేపర్లు దిద్దుతూ దిద్దుతూ వాటిమీదే తలవాల్చి నిద్రపోయేదాన్ని. దువ్వెన నిండా జుట్టు. నిరుడు కుట్టించిన జాకెట్లు ఈ ఏడు పట్టేవి కావు. రాజమండ్రి ఎండల సంగతి మీకు తెలియంది కాదు. రోహిణీ కార్తెలో కూడా తెల్లవారుజామున నేను దుప్పటి వెతుక్కునేదాన్ని. గొంతు బొంగురుపోయింది. "వయస్సు మీద పడుతోంది గదా" అని తోటి టీచర్లు సరిపెట్టారు. "కాస్త తిండి తగ్గించు" అని మా అన్నయ్య సలహా. చివరికి ఎవరో చెబితే రక్తపరీక్ష చేయించుకుంటే, టి.ఎస్.హెచ్. 18 అని వచ్చింది.

ఈ టి.ఎస్.హెచ్. అనేది తల అడుగున వుండే పిట్యూటరీ గ్రంథి, మెడలో వుండే థైరాయిడ్ గ్రంథిని "పనిచెయ్యవే, పనిచెయ్యవే" అని కేకవేసే కేక. గ్రంథి చురుగ్గా వుంటే కేక చిన్నది. అది మొండికేస్తే కేక పెద్దదవుతుంది. మామూలుగా నాలుగు దాటకూడదు. నాది 18 అంటే ఇరుగుపొరుగు వినేటంత కేక అన్నమాట. ఆ గ్రంథి చెయ్యవలసిన థైరాక్సిన్ అనే పదార్థాన్నే మాత్రగా చేసి ఇస్తారు. నాకు 50 మైక్రోగ్రాములు రాశారు. చీటీ మీద దాని పక్కనే ఒక్క ముక్క: "పరగడుపున."

రెండు నెలల్లో కేక మూడుకు దిగింది. ఆ తరువాత అయిదేళ్ళు ఏ గొడవా లేదు. జాకెట్లు పట్టాయి. పేపర్లమీద నిద్రపోవటం మానేశాను.

ఆ అయిదేళ్ళూ నేను ఎల్లా వేసుకున్నానో కాస్త గుర్తుపెట్టుకోండి. నాలుగున్నరకు లేచేదాన్ని. గుక్కెడు నీళ్ళతో మాత్ర. తరువాత వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గువేసి, స్నానం చేసి, దీపం పెట్టి, కూరలు తరిగి, ఇద్దరి కారియర్లకూ ఏర్పాటు చూసి, ఆరింటికి గదా కాఫీ మొహం చూసేది! మాత్రకోసమని చేసింది కాదు. నా సంసారం నాకు తీరిక ఇవ్వలేదు. ఆ తీరికలేనితనంలో మాత్రకు దానంతట అదే గంటన్నర వ్యవధి దొరికింది.

మావారు రిటైరైన తరువాత ఆ భాగ్యం పోయింది. వాకిలి పనికి మనిషిని పెట్టారు. అయిదింటికి నా మంచం దగ్గరకు గ్లాసూ, చిన్న సాసరూ వచ్చేవి. గ్లాసులో నురగలు కక్కుతున్న కాఫీ, సాసరులో మాత్ర. "మాత్ర వేసుకుని కాఫీ తాగు." వేసుకునేదాన్ని, తాగేదాన్ని. నీళ్ళెందుకు, మింగటానికి కాఫీయే వుంది గదా. ఆయన వెళ్ళి గోడకు తగిలించిన కాలెండరులో ఆనాటి తేదీమీద పెన్సిలుతో ఒక టిక్కు పెట్టేవారు. పద్దుల మనిషి గదా, ఒక్క రోజు తప్పలేదు. ఆ తరువాత ఇద్దరం మంచంమీద కూర్చుని ఊళ్ళో సంగతులన్నీ మాట్లాడుకునేవాళ్ళం. పెళ్ళయి అన్నేళ్ళయినా మాకు కూర్చుని మాట్లాడుకునే తీరిక దొరికింది అప్పుడే. అందుచేత ఆ కాఫీ మీద నాకు ఎంత ప్రీతో మీరు ఊహించుకోవచ్చు.

2020లో పరీక్ష చేయిస్తే 7.8. డాక్టరు 75 చేశారు. కొన్నాళ్ళకు చూస్తే మళ్ళీ ఆరున్నర. 100 చేశారు. 2021 ఆఖరుకు 125కు వచ్చాం. మళ్ళీ నీరసం, మళ్ళీ దుప్పటి, మళ్ళీ దువ్వెన నిండా జుట్టు. డాక్టరు కళ్ళద్దాల పైనుంచి చూసి, "మధ్య మధ్య మాత్ర మానేస్తున్నారా అమ్మా?" అన్నారు. నేను నోరు తెరిచే లోపలే మావారు అందుకున్నారు: "నా చేతులతో నేను ఇస్తున్నానండీ! కావలిస్తే కాలెండరు తెచ్చి చూపిస్తాను." డాక్టరు ఇహ మాట్లాడలేదు. ఎల్లా ఇస్తున్నారని అడగాలని ఆయనకు తోచలేదు. ఎల్లా వేసుకుంటున్నానో చెప్పాలని నాకూ తోచలేదు. పరగడుపున వేసుకుంటున్నాను గదా, ఇహ చెప్పేదేముంది?

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. మన ఇళ్ళల్లో కాఫీ తిండి కింద లెక్క కాదు. వినాయక చవితినాడు పూజ అయ్యేదాకా ఏమీ నోట్లో వేసుకోకూడదు, కాఫీ తాగవచ్చు. కార్తీక సోమవారం ఉపవాసం వుండే మా పక్కింటి పిన్నిగారు సాయంత్రం చుక్క కనిపించేదాకా పచ్చి మంచినీళ్ళయినా ముట్టనంటారు, మరి రెండుసార్లు కాఫీ తాగుతారు. రక్తపరీక్షకు "ఏమీ తినకుండా రండి" అంటే, వరసలో కూర్చున్న పదిమందిలో ఆరుగురు ఇంటిదగ్గర కాఫీ తాగి వచ్చినవాళ్ళే. అడిగితే "ఏమీ తినలేదండీ, కాఫీ ఒక్కటే" అంటారు. పరగడుపు అంటే మనకు ఇడ్లీకి ముందు అని అర్థం. కాఫీకి ముందు అని ఒక కాలం వుంటుందని మనకు తట్టదు.

ఇదంతా నా ఒక్కదానితో పోయేదైతే ఈ వ్యాసం రాసేదాన్ని కాదు.

2022 జనవరిలో మా అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చింది. నాలుగో నెల. కంప్యూటరు వుద్యోగం; ఇంటినుంచే పనిచెయ్యవచ్చన్నారని పెట్టె సర్దుకుని పుట్టింటికి వచ్చేసింది. దానికీ రెండేళ్ళుగా థైరాయిడ్. కడుపు నిలవగానే అక్కడి డాక్టరు మోతాదు పెంచారట. వచ్చేనాటికి రిపోర్టులో 2.1 వుంది. అది కాక ఇనుము బిళ్ళలూ, కాల్షియం బిళ్ళలూ ఇచ్చారు. మావారి సంతోషం చూడాలి! ఒక సాసరు రెండయింది. కాలెండరులో నా టిక్కు పక్కన అమ్మాయి టిక్కు. దానికి కాఫీ తగ్గించమన్నారని కుంకుమపువ్వు వేసిన పాలు. "అన్ని మాత్రలూ ఒక్కసారే మింగేస్తే రోజంతా ఆ బెడద వుండదు" అని సలహా ఇచ్చింది ఎవరనుకున్నారు? నేనే. మూడు మాత్రలూ ఆ పాలతో మింగి, పిల్ల మళ్ళీ ముసుగుతన్ని పడుకునేది.

అయిదు వారాలయ్యాక ఇక్కడి లేడీ డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాను. రిపోర్టు చూసి ఆమె మొహం కాస్త మారింది. 5.6.

"మాత్ర రోజూ వేసుకుంటున్నావా అమ్మా?"

"వేసుకుంటున్నానండీ. పరగడుపునే."

"తరువాత ఎంతసేపటికి తింటున్నావు?"

"ఎనిమిదింటికండీ, ఇడ్లీయో ఉప్మావో."

"ఈ మధ్యలో ఏమీ తీసుకోవటం లేదా?"

"ఏమీ లేదండీ. పాలు, అంతే."

"ఎప్పుడు?"

అమ్మాయి నా మొహం చూసింది. "మాత్రతోటే" అన్నాను నేను.

"ఇనుము బిళ్ళ? కాల్షియం?"

"అవీ అప్పుడేనండీ."

డాక్టరుగారు కలం కింద పెట్టారు. "మీకూ థైరాయిడ్ వుందన్నారు. మీరు దేనితో వేసుకుంటారు?" అని నన్ను అడిగారు. నేను కాఫీ అని చెప్పాను. ఆ చెప్పేటప్పుడే, నాకెందుకో తెలియదు, గొంతు సగంలో ఆగిపోయింది. "కాఫీ తిండి కాదు గదండీ" అని మెల్లిగా చేర్చాను. ఆమె నవ్వలేదు. "మీరేం చేస్తారు?" అన్నారు. జీవశాస్త్రం టీచర్నని చెప్పవలసి వచ్చింది. ఇరవయ్యేళ్ళకు పైగా నల్లబల్ల మీద రంగు సుద్దలతో జీర్ణాశయం, చిన్నపేగు, పెద్దపేగు గీసి బాణపు గుర్తులు పెట్టినదాన్ని. భూమి బద్దలైతే బాగుండుననిపించింది.

అప్పుడామె చెప్పినది నాకు తోచినట్లు చెబుతాను. థైరాయిడ్ మాత్రలో అసలు మందు అణువంత. 100 మైక్రోగ్రాములంటే, ఒక బియ్యపుగింజను రెండువందల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క బరువు. మిగతా మాత్రంతా చేతికి దొరకటానికి కలిపిన పిండి. ఆ అణువు జీర్ణాశయంలోని ఆమ్లంలో కరిగి, చిన్నపేగులోకి వెళ్ళి, అక్కడి గోడలగుండా రక్తంలోకి ఇంకాలి. కడుపు ఖాళీగా వున్నప్పుడే ఇంకేది నూటికి అరవై నుంచి ఎనభై పాళ్ళు. ఏదైనా అడ్డం వస్తే అదీ తగ్గుతుంది. కాఫీ అడ్డం వస్తుంది. పాలు అడ్డం వస్తాయి. సోయా, పీచు ఎక్కువగా వుండే తిండీ అంతే. ఇనుమూ కాల్షియమూ అయితే అడ్డం రావటం కాదు, థైరాక్సిన్‌ను పేగులోనే పట్టుకుని వదలవు. ఆ జంట రక్తంలోకి పోకుండా అల్లాగే బయటికి పోతుంది. అందుకని మాత్రకూ కాఫీ టిఫిన్లకూ మధ్య గంట, తక్కువలో తక్కువ అరగంట వుండాలి. ఇనుముకూ కాల్షియానికీ నాలుగు గంటల దూరం వుండాలి.

"కడుపుతో వున్నప్పుడు థైరాక్సిన్ అవసరం ఎల్లాగూ పెరుగుతుంది" అన్నారామె. "మొదటి నెలల్లో బిడ్డకు కావలసింది కూడా తల్లినుంచే పోవాలి. బిడ్డ మెదడు ఎదుగుదలకు అది కావాలి. అయిదో నెల వచ్చేసరికి బిడ్డ గ్రంథి మెల్లిగా తన పని తాను అందుకుంటుంది. మనం ఇప్పుడు పట్టుకున్నాం, కంగారుపడకండి. మోతాదు కొంచెం పెంచుతాను, వేళలు మార్చండి, నాలుగు వారాల్లో మళ్ళీ చూద్దాం."

కంగారుపడకండి అంటే ఆగేదా కంగారు? బయట బల్లమీద మావారు కూర్చుని వున్నారు. ఆటోలో వస్తూ అంతా చెప్పాను. ఆయన ఒక్క మాటైనా మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక, అమ్మాయి పడుకున్నదని చూసుకుని, వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "పిల్లకేమన్నా అవుతుందంటావా?" అన్నారు. నేను ధైర్యం చెప్పాను. "నా చేత్తో నేనే ఇచ్చాను గదే" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. మూడు మాత్రలూ ఒక్కసారి వేసుకొమ్మన్న మాట నాది గదా. ఆ రాత్రి ఫిల్టరులో పొడి పడలేదు. తెల్లవారి లేచి చూస్తే మేకుకు కాలెండరు లేదు. బీరువా వెనకాల పెట్టారు.

ఆ నాలుగు వారాలూ నాకు రాత్రిళ్ళు సరిగా నిద్రపట్టలేదు. ఫోనులో, అమ్మాయి తీసి ఇచ్చిన కాగితాల్లో దీని సంగతే చదివాను. టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది? 2008లో ఇటలీలో మెస్సినా అనే ఊరి డాక్టర్లు సరిగ్గా నావంటివాళ్ళనే పట్టుకున్నారు. ఎంత మాత్ర వేసినా కేక దిగని మనుషులు. ఆరా తీస్తే, అందరూ మాత్ర మింగిన వెంటనే కాఫీ తాగేవాళ్ళేనట. నీళ్ళతో ఇచ్చి ఒకసారీ, కాఫీతో ఇచ్చి ఒకసారీ రక్తం తీసి చూస్తే, కాఫీతో ఇచ్చినప్పుడు మందు తక్కువ ఇంకింది. ఇటలీవాళ్ళకూ కాఫీ తిండి కాదు కాబోలు! ఆ కాగితం చదివి నా మనస్సు కొంచెం తేలికపడింది. ఇనుము సంగతి 1992లోనే తేల్చారు. 2000లో అమెరికాలో 20 మందికి మూడు నెలలపాటు రోజూ 1200 మిల్లీగ్రాముల కాల్షియం థైరాయిడ్ మాత్రతోపాటే ఇచ్చి చూశారు. టి.ఎస్.హెచ్. పైకి పోయింది. కాల్షియం ఆపాక మళ్ళీ దిగింది.

ఇంకొక తమాషా. ఈ మందు అసలు పుట్టినప్పుడు మందు కాదు, కూర! 1891లో ఇంగ్లండులో మర్రే అనే డాక్టరు గొర్రె థైరాయిడ్ రసం సూదివేసి ఒక ఆమెను బాగుచేశాడు. మరుసటి ఏడే ఇంకొందరు, సూది ఎందుకు, తినిపిస్తే చాలునని, గొర్రె గ్రంథిని కాస్త వేయించి, తరిగి రోగులకు పెట్టారు. అదీ పనిచేసింది. అందులోంచి థైరాక్సిన్‌ను విడదీసినది అమెరికాలో కెండాల్ అనే ఆయన, 1914 క్రిస్మస్ నాడు. మేం శాకాహారులం. ఈ వైనం మావారికి చెబితే మామూలప్పుడైతే ఒక పూట అన్నం మానేసేవారు. ఆ రోజుల్లో "ఊఁ" అని వూరుకున్నారు.

కొత్త వేళలు మాత్రం ఆయనే వేశారు. కాలెండరు తీసేశారు గానీ పద్దుల బుద్ధి తీసేయలేరు గదా. ఒక తెల్ల అట్ట మీద గీతలు కొట్టి, తెల్లవారి నాలుగున్నరకు థైరాయిడ్ మాత్ర, ఒట్టి నీళ్ళతో, అయిదున్నరకు పాలు, మధ్యాహ్నం భోజనమయ్యాక ఇనుము, రాత్రి భోజనమయ్యాక కాల్షియం. నా పేరున ఇంకొక అట్ట. ఇనుమూ కాల్షియమూ కూడా ఒకదానికొకటి సరిపడవని డాక్టరుగారు చెప్పినది ఆయనే గుర్తుపెట్టుకున్నారు. మాత్రల సీసా పొయ్యి పక్క అలమరలోంచి తీసి గదిలోకి మార్చారు. వేడీ, వెలుతురూ, తేమా దానికి గిట్టవు.

ఈలోగా వీధంతా తెలిసింది. మన వీధుల్లో సంగతి చెప్పకపోయినా తెలుస్తుంది. వచ్చిన ప్రతివారూ "క్యాబేజీ పెట్టకండి, కాలీఫ్లవరు పెట్టకండి" అని చెప్పి వెళ్ళేవారు. డాక్టరుగారిని అడిగితే, అయొడిన్ వున్న ఉప్పు వాడుకుంటూ, వండుకుని మామూలుగా తినే క్యాబేజీకి భయపడనక్కరలేదన్నారు. క్యాబేజీని వెలివేసి కాఫీతో మాత్ర మింగే ఇళ్ళు ఎన్ని వున్నాయో! పక్కింటి పిన్నిగారికీ థైరాయిడ్ వుంది. ఆమె సమస్య ఇంకొకటి. ఆమెకు గ్యాసు బిళ్ళ కూడా పరగడుపుననే రాశారు. వున్న పరగడుపు ఒక్కటి, దానికి వాటాదార్లు ఇద్దరు! ఆ గ్యాసు బిళ్ళ జీర్ణాశయంలో ఆమ్లాన్ని తగ్గిస్తుంది. ఆమ్లం తగ్గితే థైరాయిడ్ మాత్ర సరిగా కరగదు. ఎడంగా వేసుకున్నా పూర్తిగా తీరే చిక్కు కాదు అది. ఆమెను డాక్టరు దగ్గరకు పంపితే పరీక్ష చేసి మోతాదు సవరించారు.

మా స్కూల్లో నాతో పనిచేసిన ఒక ముస్లిం టీచరుగారు వుండేవారు. రంజాను నెలలో మాత్ర ఎల్లా వేసుకుంటారని ఆమెను అడిగాను. డాక్టరు సలహామీద రాత్రి పడుకోబోయే ముందు, తిని మూడు గంటలు దాటాక వేసుకుంటానన్నారు. ఆ పద్ధతి రంజానుకే కాదు, ఎప్పుడైనా మంచిదే. 2010లో హాలెండులో 90 మంది మీద చేసిన పరీక్షలో, రాత్రి పడుకునేటప్పుడు వేసుకుంటే ఉదయం వేసుకున్నదానికన్న బాగానే ఇంకిందని తేలింది. ఇది చదివి నేను ఎగిరి గంతేశాను. రాత్రికి మార్చుకుంటే నా అయిదింటి కాఫీ నాకు దక్కుతుంది గదా! కానీ మా ఇంట్లో రాత్రి భోజనం అయ్యేసరికి తొమ్మిది. మూడు గంటలంటే పన్నెండు. పదింటికల్లా నాకు కళ్ళు మూతలు పడతాయి. ఆ ఆశ వదులుకున్నాను.

నాలుగు వారాలకు అమ్మాయి రిపోర్టు వచ్చింది. 2.4. మావారు ఆ కాగితం రెండుసార్లు చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, గోదావరి గట్టుకు వెళ్ళి చీకటిపడ్డాక వచ్చారు. ఏం చేశారని నేను అడగలేదు.

ఇహ నా పురాణం మిగిలింది. కాఫీ వెనక్కు జరిపిన నెలలోపల నాకు ఎక్కడలేని హుషారూ వచ్చింది. నిద్ర తగ్గింది, పని పెరిగింది. అటకమీది ఇత్తడి సామానంతా దింపి తోమించాను. "చూశారా, ఇన్నాళ్ళూ నన్ను పడుకోబెట్టింది మీ కాఫీయే" అని మావారిని దెప్పాను కూడా. ఆ మాట అనకుండా వుండవలసింది. మరి కొన్ని వారాలకు చేతులు వణకటం, చెమటలు, రాత్రిళ్ళు గుండె దడదడా కొట్టుకోవటం మొదలయినాయి. ఒక రాత్రి దడ ఆగక లేచి కూర్చుంటే, మావారు గుండెజబ్బేమోనని బిక్కచచ్చిపోయి చొక్కా తిరగేసి తొడుక్కుని ఆటోకోసం వీధిలోకి పరుగెత్తారు. తీరా చూస్తే గుండెది తప్పు కాదు. నా 125 మాత్ర కాఫీతో పోరాడటానికి రాసిన మోతాదు. కాఫీ తప్పుకున్నాక ఆ 125లో చాలాభాగం నిజంగా లోపలికి పోవటం మొదలెట్టింది. టి.ఎస్.హెచ్. 0.1కి పడిపోయింది. మెడలోని గ్రంథి చెయ్యవలసినదానికన్న ఎక్కువే లోపలికి పోతుంటే, ఇహ కేక ఎందుకు? అది అల్లాగే వుంటే గుండె లయ తప్పవచ్చు, ఎముకలు గుల్లబారవచ్చునట. వేళ మార్చాక ఆరు వారాలకు తప్పకుండా రక్తం చూపించుకొమ్మని లేడీ డాక్టరుగారు నాకు చెప్పనే చెప్పారు. మాత్ర మోతాదు మారినా, వేసుకునే తీరు మారినా, ఆ ఫలితం రక్తంలో కుదురుకోవటానికి ఆరు వారాలు పడుతుంది. అమ్మాయి హడావిడిలో నాది వెనకబడింది. పది వారాలు దాటించాను. తప్పు పూర్తిగా నాదే. 125 కాస్తా 100 అయింది, 100 కాస్తా 75 అయింది. ఇప్పటికీ 75 మీదే వున్నాను, కేక రెండున్నర దగ్గర వుంది.

అమ్మాయికి 2022 జూన్‌లో ఆడపిల్ల పుట్టింది. పుట్టిన కొద్దిరోజులకు బిడ్డ మడమనుంచి చుక్క రక్తం తీసి థైరాయిడ్ చూశారు. ఆ రిపోర్టు వచ్చేదాకా మావారు ఆస్పత్రి వరండాలో ఎన్ని మైళ్ళు నడిచారో ఆ వరండాకే తెలియాలి. అంతా సవ్యంగా వుంది. ఇప్పుడా పిల్ల తాతగారి కాఫీ ఫిల్టరు మూత తీసి, "నేను పోత్తా" అని నీళ్ళ గ్లాసు పట్టుకు వస్తుంది. ఆయన పోయనిస్తారు కూడా. ఆ రోజు కాఫీ ఎల్లా వున్నా తాగాలి.

మా అయిదింటి కాఫీ అయిదున్నరకు జరిగింది. "మీకేం ఖర్మ, మీరు తాగండి" అని నేను ఎంత చెప్పినా ఆయన సుతరామూ వినలేదు. నాలుగున్నరకు నాకు నీళ్ళూ మాత్రా ఇచ్చి, వీధి అరుగుమీద నా పక్కన కూర్చుంటారు. ఇంకా చీకటిగా వుంటుంది. పాలవాడు రాడు, పేపరువాడు రాడు. కాఫీ లేకుండా మాట్లాడటం మొదట్లో ఇద్దరికీ ఇబ్బందిగానే వుండేది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. తరువాత తరువాత, తణుకులో ఆయన చదువుకున్న రోజుల సంగతులూ, వాళ్ళమ్మ పోయినప్పటి సంగతులూ, నాతో ఎన్నడూ అననివి, ఆ చీకట్లో ఒకటీ ఒకటీ బయటికి వచ్చాయి.

మొన్న కూడా అల్లాగే కూర్చున్నాం. ఉన్నట్లుండి లేచి లోపలికి వెళ్ళారు. స్టవ్ వెలిగించిన చప్పుడయింది.

"ఏమండీ, ఎంతయింది?" అన్నాను.

"అయిదున్నర అయిందిలే."

"సరిగ్గా చూడండి."

కొంచెంసేపు చప్పుడు లేదు. "ఇరవై అయిదు" అన్నారు లోపలినుంచి. స్టవ్ ఆర్పేసి, చెయ్యి తుండుగుడ్డకు తుడుచుకుంటూ వచ్చి, మళ్ళీ నా పక్కన కూర్చున్నారు.